మొయినుద్దీన్ సాబ్ చూసొచ్చిండు

మొయినుద్దీన్ సాబ్ తన జీవితంలో ఏ మాటనూ మొదటిసారి నమ్మలేదు. నిఖా రోజున ఖాజీ గారు "ఒప్పుకుంటున్నవా?" అని అడిగితే, "ముందు మిమ్మల్ని ఖాజీగా పెట్టిన కాగితం చూపియ్యుండ్రి" అన్నాడట. ఈ సంగతి నాకు చెప్పింది ఆయన భార్య ఇక్బాల్ బీ. "ఆ కాగితం ఇంటికెల్లి తెచ్చేదాక నేను పర్దా ఎనక గంట సేపు కూసున్న" అని ఆమె ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఫిర్యాదు చేసేది. నిజమేనా అని సాబ్‌ను అడిగాను.

"ఆమె పర్దా ఎనకున్నది గద, ఆమెకెట్ల తెలుసు? సబూత్ ఏది?" అన్నాడు.

సబూత్ అంటే రుజువు. ఆ మాట ఆయన నోట్లో తమలపాకులాగ ఎప్పుడూ నానుతూ ఉండేది. పుచ్చకాయ తియ్యగా ఉందంటే సబూత్. రేపు వాన పడుతుందంటే సబూత్. దవాఖానలో డాక్టరు "మీకు షుగర్ ఉంది" అంటే, "మీ మిషనుకు ఏం రోగం లేదని సబూత్ ఏది?" అని ముందు కాంపౌండరుకు పరీక్ష చేయించి, అతనికి కూడా షుగరుందని తేలాక గాని శాంతించలేదు.

ఆయన తప్పు కూడా పూర్తిగా కాదు. ముప్పైయొక్క ఏళ్లు ఒక సర్కారు కచేరీ రికార్డు రూంలో పనిచేశాడు. భూమి కాగితం తెచ్చినవాడి ముఖం చూసేవాడు కాదు. కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకొని, "దీని మీద నిజాం కాలపు తారీఖున్నది, దీనికి మొన్నటి చాయ్ వాసనొస్తాంది" అనేవాడు. రిటైరైన రోజున దండ వేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, సర్వీసు పుస్తకం తెప్పించి, పుట్టిన తేదీ సరిచూసుకొని, అప్పుడు మెడ వంచాడు.

అలాంటి మనిషి చేతికి 1998లో ఇంటర్నెట్ దొరికింది.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర జాహేదా అనే ఆమె ఎస్టీడీ బూత్ నడిపేది. రామన్నపేట ఆడబిడ్డ. ముప్పై ఏళ్లుంటాయి. రెండు చేతులకూ మోచేతి దాకా గాజులు. ఆమె టైపు చేస్తుంటే ఆ గలగలలో కీబోర్డు చప్పుడు వినపడేది కాదు. ఆ బూత్‌ను ఆమె నెట్ సెంటర్ చేసింది. రెండు కంప్యూటర్లు, ఒక ఫోన్ లైను. ఇంటర్నెట్ ఒకదానికే వచ్చేది. రెండోది కరెంటు ఉందో లేదో తెలుసుకోవడానికి. నేను అప్పుడు ఒక దినపత్రికకు జిల్లా విలేకరిని. వార్తలు పంపడానికి రోజూ అక్కడికే పోయేవాణ్ణి.

"ప్రపంచంల ఉన్న సమాచారమంత దీంట్ల ఉంటదంట గద?" అని సాబ్ ఒకరోజు లోపలికి వచ్చాడు.

"అవును చాచా, కూసోండ్రి" అంది జాహేదా.

"ఎంత అబద్ధమున్నదో చూద్దామని వచ్చిన" అని కూర్చున్నాడు. మరి రెండేళ్ల దాకా ఆ కుర్చీలోంచి లేవలేదు.

ఆయనకు దొరికిన చోటు పేరు 'అరుగు'. ఎక్కడెక్కడి తెలుగువాళ్లో, బెంగుళూరు నుంచి మస్కట్ దాకా, అందులో ఉత్తరాలు రాసుకునేవారు. ఒకరు రాస్తే అందరూ చదువుతారు, అందరూ జవాబిస్తారు. గుళ్లు, శాసనాలు, బొమ్మలు, పద్యాలు, రాజులు. ప్రతివాడూ ఏదో ఒక పాత సంగతి ఎత్తకుండా మాట్లాడేవాడు కాదు. వంకాయ కూర గురించి మొదలైన ముచ్చట కూడా నాలుగో ఉత్తరానికి ఏదో ఒక రాజు వంటింట్లో తేలేది. అందరూ మారుపేర్లతో రాసేవారు. సాబ్ 'రికార్డు రూం' అని పెట్టుకున్నాడు.

ఒకాయన పాలమూరు దిక్కు ఒక పాత దొరల గడీ గురించి రాశాడు. దాని పైకప్పు మీద ఏడు నెమళ్ల వర్ణచిత్రం ఉందనీ, ఆ ఏడూ సప్తస్వరాలకు సంకేతమనీ మూడు పేజీలు. సాబ్ పొద్దున్నే బస్సెక్కాడు. మర్నాడు వచ్చి ఒక్క వేలితో టైపు కొట్టాడు: "చూసిన. నెమళ్లు ఆరే. ఒకటి కోడి."

ఇంకొకాయన ఫలానా ఊరి నంది వెయ్యేళ్లనాటిదనీ, నిలబడి చూస్తే మెల్లగా తల తిప్పుతుందనీ రాశాడు. "చూసిన. రెండు గంటలు కూసున్న. తిప్పుతలేదు."

మూడో ఆయన మక్తల్ దగ్గర ఒక దిగుడుబావి రాతి మీద తమ తాతగారి పద్యం చెక్కి ఉందని గొప్పగా రాసుకున్నాడు. మక్తల్ అంటే కర్ణాటక సరిహద్దు, పోను రాను రెండు రోజులు. సాబ్ పోయాడు. "చూసిన. పద్యమున్నది. కన్నడంల ఉన్నది. మీ తాతకు కన్నడం వచ్చునా?" ఆ తర్వాత తాతగారూ రాలేదు, మనవడూ రాలేదు.

ఇలా ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లకు నల్లగొండ నుంచి బయలుదేరే మొదటి బస్సంటే దడ పుట్టింది.

ఇంతలో 'మలారం' అని ఒక కొత్త పేరు వచ్చింది. మలారం అంటే గాజులమ్మేవాళ్లు భుజానికి వేసుకునే గాజుల కట్ట. ఆమె వారానికి ఒకటి రెండు ఉత్తరాలు రాసేది. ఏ ఊరి దర్వాజ మీద ఏ బొమ్మ చెక్కి ఉంది, గాజులు తొడిగించుకుంటూ ఏ ఊరి ఆడవాళ్లు ఏం పాడతారు, ఏ గడీ గోడకు ఏ రంగు ఎక్కడినుంచి తెచ్చారు. అన్నిటికీ ఆధారం ఒక్కటే: "మా అవ్వ చెప్పింది. అవ్వ ఊరూరా గాజులమ్మింది."

సాబ్ వెంటనే రాశాడు: "సబూత్?"

"మా అవ్వే."

"అవ్వకు సబూత్?"

"పోయి చూసుకోండి."

పోయాడు. వచ్చాడు. రెండు పదాలు కొట్టాడు: "చూసిన. ఉన్నది."

అరుగంతా అదిరిపోయింది. వంక పెట్టకుండా ఆయన 'ఉన్నది' అనడం అదే మొదలు. అట్లాగని మెత్తబడలేదు. ఆమె ఏది రాసినా ముందు సబూత్ అని అడగడమే, బస్సెక్కడమే, "చూసిన, ఉన్నది" అని కొట్టడమే. ఏడాదిన్నరలో నలభై ఊర్లు తిరిగాడు. "నన్ను ఒక్కనాడు సినిమాకు తీస్కపోలే. ఎవలో అవ్వ చెప్పిందని బండలు చూడ పోతడు" అని ఇక్బాల్ బీ నాతో మొర పెట్టుకుంది.

ఆయన కుర్చీ గురించి ఒక మాట చెప్పాలి. పది గంటలకు కూర్చుంటే కదిలేవాడు కాదు. నేను వార్త పంపాలంటే కాళ్లావేళ్లా పడాలి. "ఏం వార్త? బస్సు బోల్తానా? నువ్వు చూసినవా?" అని విచారణ చేసి ఐదు నిమిషాలు లేచేవాడు. కాని సరిగ్గా ఒంటిగంట కొట్టగానే, "ఇంటికి పోయి తినొస్త" అని లేచి పోయేవాడు, రెండింటికి వచ్చేవాడు. నాకు అనుమానం పట్టుకుంది. ఎందుకంటే ఇక్బాల్ బీ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా పన్నెండున్నరకే నా పక్కన కూర్చొని ఖాళీ చేసేవాడు. ఒకరోజు వెంట పోయి చూస్తే క్లాక్ టవర్ పక్క హోటల్లో ఒక్క చాయ్ ముందు పెట్టుకొని, గడియారం వైపు చూస్తూ, ఆ పాలలో నీళ్లెన్ని కలిపారని హోటలాయనతో వాదిస్తున్నాడు.

"ఇంటికి పోలేదా సాబ్?"

"పోలేదని సబూత్ ఏది?"

"ఈడున్నరు గద!"

"పోయొచ్చిన్నేమో" అన్నాడు.

1999 చలికాలంలో అసలు గొడవ మొదలైంది. అరుగుకు పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు, మారుపేరు 'పరిశోధక'. పుస్తకం, పేజీ నంబరు లేకుండా ఆయన ఆవలించేవాడు కూడా కాదు. ఎవరి ఉత్తరం ఉంచాలో ఎవరిది తీసెయ్యాలో ఆయన చేతిలో పని. ఆయన ఒకరోజు రాశాడు: "మలారం గారి ఉత్తరాలూ, రికార్డు రూం గారి ఉత్తరాలూ ఒకే కంప్యూటరు నుంచి వస్తున్నాయి. ఒకరు అబద్ధం చెప్పడం, రెండోవారు చూశానని సాక్ష్యం చెప్పడం! ఇద్దరూ ఒక్కరే అని నా అనుమానం."

లోకం మొత్తాన్ని అనుమానించిన మనిషిని లోకం అనుమానించింది. నేను నవ్వాపుకోలేక సాబ్ వైపు చూశాను. ఆయన కోపంగా లేడు. తెర దగ్గరికి ముక్కు పెట్టి మళ్లీ చదివాడు. "మంచిగనే పట్టిండు. రికార్డు రూంల పనికొస్తడు" అన్నాడు.

నాకూ అనుమానమే. మలారం ఈయనేనా? అవ్వ, గాజులు, పాటలు, ఇవన్నీ ఈయన కడుపులో ఉన్నాయా?

పరిశోధక గడువు పెట్టాడు. మలారం చివరగా రాసిన ఉత్తరం మేళ్లచెరువు అవతల గట్టుగూడెం ఊరి మొదట్లో ఉన్న ఒక రాతిబొమ్మ గురించి. ఒక ఆడమనిషి బొమ్మ. కుడి చేతికి మోచేతి దాకా గాజులు చెక్కారు, ఎడమ చెయ్యి బోసి. చెక్కినాయన సగంలో వదిలిపోయాడట. అవ్వ ఆ ఊరికి పోతే మలారంలోని మొదటి గాజు ఆ బోసి చేతి దగ్గర పెట్టి, తర్వాతే ఇళ్లలోకి అడుగుపెట్టేదట. "ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు లోపల ఫొటో, మూడో మనిషి సాక్ష్యం రావాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆమె ఉత్తరాలన్నీ తీసేస్తాను" అన్నాడు పరిశోధక.

మలారం ఒక్క జవాబే రాసింది. "నన్ను తీసెయ్యండి. రాసినవి తీసెయ్యకండి. నా దగ్గర నకలు లేదు, ఫ్లాపీ పాడైంది. అవ్వ ఇప్పుడు ఊర్ల పేర్లు మరిచిపోతోంది. మళ్లీ అడిగి రాయలేను."

ఆ రోజు జాహేదా నన్ను అడిగింది: "అన్నా, ఒకసారి తీసేసిన ఉత్తరాలు మల్ల రావా?"

"రావు" అన్నాను. వ్యాపారం కోసం అడుగుతుందనుకున్నాను. నేను విలేకరిని కదా, కళ్లముందున్నది తప్ప అన్నీ కనపడేవి.

"మూడో మనిషివి నువ్వే. కెమెరా తీస్కో" అన్నాడు సాబ్. శుక్రవారం మొదటి బస్సు ఎక్కాం.

గట్టుగూడెం సున్నపురాయి నేల, సిమెంటు కంపెనీల కన్ను దాని మీద. దిగగానే మల్లన్న అనే గొర్లకాపరి కర్ర అడ్డం పెట్టాడు.

"మీరు సర్వేయోళ్లా? బండల మీద నంబర్లెయ్య వచ్చిండ్రా?"

"కాదు" అన్నాడు సాబ్.

"కాదని రుజువేంది?"

సాబ్ ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్లలో తనను ముఖాముఖి ఎదురడిగిన మొదటి మనిషి. సంచిలోంచి పింఛను పుస్తకం తీసి చేతిలో పెట్టాడు. మల్లన్న దాన్ని తలకిందులుగా, తర్వాత నిలువుగా చూశాడు.

"ఫొటోల మీసాలున్నయి. నీకు లేవు."

"తీసేసిన."

"ఎందుకు?"

"తెల్లబడ్డయి."

"నమ్మబుద్ధయితలేదు" అన్నాడు మల్లన్న. సాబ్ ఆయన భుజం మీద చెయ్యేశాడు. అంత ఆప్యాయంగా ఆయన ఎవరినీ తాకడం నేను చూడలేదు.

రాతిబొమ్మ ఊరి మొదట్లో లేదు. పదేళ్ల కింద రోడ్డు వెడల్పు చేసినప్పుడు పెకిలించి పక్కన పడేశారట. ఇప్పుడది మల్లన్న ఇంటి వెనక, బోర్లా పడి, ఆయన భార్య యాదమ్మ బట్టలుతికే బండ. ఒకసారి తిప్పి చూస్తామంటే యాదమ్మ చీర దోపుకొని ఉతుకుతూనే అడిగింది.

"తిప్పుతరు సరే, మల్ల ఎవలు బోర్లేస్తరు?"

"మేమే ఏస్తమమ్మా" అన్నాడు సాబ్.

"ఎట్ల నమ్మాలె?"

సాబ్ కాగితం తీసి, తిప్పిన బండను తిరిగి యథాతథంగా బోర్లించగలమని హామీ రాసి సంతకం చేసి ఇచ్చాడు. యాదమ్మకు చదువు రాదు. అది నాతో రెండుసార్లు చదివించుకొని, కాగితం కొంగున ముడేసుకొని, బట్టలు పక్కకు తీసింది. నలుగురు గడ్డపారలు వేసి బండ తిప్పారు. నీళ్లు కుమ్మరిస్తే మట్టి జారిపోయింది.

ఆడమనిషి. కొప్పు, ముక్కుపుడక, చిన్న నవ్వు. ఒక చేతికి మోచేతి దాకా గాజులు. రెండో చెయ్యి బోసి.

"ఉన్నది!" అని నేను కెమెరా ఎత్తాను.

సాబ్ బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు. తన రెండు చేతులూ చాపి చూసుకున్నాడు. మళ్లీ తిరిగాడు. ముఖం మాడిపోయింది.

"ఎడమ చెయ్యి బోసి అని రాసింది. ఇది కుడి."

"గంతనే గద సాబ్! ఎవలు చూస్తరు? ఉన్నదని రాయుండ్రి."

"ఫొటోల కనవడ్తది. ఒక్క అక్షరం తేడా వస్తె తీసేస్తనన్నడు" అన్నాడు. "కనవడకున్నా నేను చూసిన గద. చూసింది చూసినట్టె రాస్త."

ఆ మనిషి అక్కడే నేలమీద కూలబడ్డాడు. ఏడాదిన్నర అవ్వ మాటలన్నీ ఒక రాతి చేతికి వేలాడుతున్నాయి. యాదమ్మ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమాయె సాయబూ, గట్ల కూసుంటివి?"

"ఈ బొమ్మ సంగతి ఒక గాజులవ్వ చెప్పిందమ్మా. ఎడమ చెయ్యి బోసి అన్నది. తప్పు చెప్పింది."

"ఏ గాజులవ్వ? రామన్నపేట హనీఫవ్వనా?" యాదమ్మ పకపకా నవ్వింది. "ఆమెకు ఎప్పుడు గంతేనయ్యా! మనకెదురుంగ కూసుంటది. ఆమె ఎడమ దిక్కున్నదే ఎడమ చెయ్యంటది. 'ఎడమ చెయ్యి తే బిడ్డా' అంటే మేం కుడి చెయ్యి చాపుతం. నా పెండ్లినాడు ఎరుకలేక నిజంగనే ఎడమ చెయ్యి చాపితే నెత్తిన ఒక్కటి మొట్టింది!"

సాబ్ మెల్లగా తల ఎత్తాడు. "ఏదీ, కూసో. చూపియ్యి."

నన్ను పెండ్లికూతుర్ని చేశారు. యాదమ్మ నా ఎదురుగా గొంతుక్కూర్చొని, "ఎడమ చెయ్యి తే బిడ్డా" అంటూ నా కుడి చెయ్యి లాగింది. సాబ్ పక్కనుంచి చూశాడు, వెనక నుంచి చూశాడు, నన్ను లేపి తాను కూర్చొని చూశాడు. మూడుసార్లు చేయించాడు. మల్లన్న ఇంటిల్లిపాదీ గుమిగూడి చూసింది.

"ఇప్పుడన్న నమ్మినవా సాయబూ?" అన్నాడు మల్లన్న.

"రాసుకుంటున్న" అన్నాడు సాబ్.

బండను మళ్లీ బోర్లా వేయబోతే యాదమ్మే అడ్డుపడింది. "ఉండనియ్యుండ్రి. ముఖం చూసినంక దాని మీద బట్టలెట్ల ఉతుకుత? ఇంకో బండ చూసుకుంట." కొంగున ముడేసిన కాగితం మాత్రం తిరిగి ఇవ్వలేదు. "హనీఫవ్వ మంచిగున్నదా? ఆమె మనుమరాలు నల్లగొండల కంప్యూటర్ దుకాణం పెట్టిందంట గద?" అంది.

నేను సాబ్ వైపు చూశాను. ఆయన బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూస్తున్నాడు. బస్సు రావడానికి ఇంకా గంటుంది.

బస్సులో అడిగాను. "మలారం జాహేదానా?"

"సబూత్ ఏది?"

"సాబ్!"

టికెట్టు మీది అంకె సరిచూసి జేబులో పెట్టుకొని అన్నాడు. "మన దగ్గర కరెంటు పోయిననాడు మలారం రాయదు. నేను కుర్చీల ఉన్నంతసేపు రాయదు. లేస్తనే రాస్తది. రెండో వారంలనే ఎరుకైంది."

"మరి తన పేరుతోనే రాయొచ్చు గద?"

"రాసింది. ఒకసారి గుడి తలుపు మీది శిల్పం గురించి రాసింది. పేరు చూసి, 'ఇవన్నీ మీకెందుకండీ' అన్నరు. మల్ల ఆ పేరుతో రాయలె."

"ఎరుకుండి ప్రతిసారి సబూత్ సబూత్ అని ఆమె పానం తీసిండ్రేంది?"

"హనీఫవ్వకు పేజీ నంబర్లు లేవు" అన్నాడు సాబ్. "పోయి ఏసొస్తున్న."

"ఒంటిగంటకు లేచి పోయేది..."

"ఆకలైతది."

"పన్నెండున్నరకే టిఫిన్ తింటరు గద?"

"నువ్వు చూసినవా?"

"చూసిన. పక్కనే కూసున్న."

ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. మొయినుద్దీన్ సాబ్ మీద నా దగ్గర సబూత్ ఉండటం అదొక్కసారే.

ఆదివారం కరెంటు పోతుందా అని సాబ్ పొద్దున్నే సబ్‌స్టేషనుకు పోయి అడిగొచ్చాడు. పోదన్నారు. నమ్మక, జాహేదాతో ఎనిమిదింటికే షట్టరు తీయించాడు. ఫొటో స్కానరులో పెట్టి, నా సాక్ష్యం నాతో కొట్టించి, తర్వాత తాను ఒక్క వేలితో జీవితంలో అన్నిటికన్నా పొడుగు ఉత్తరం మొదలుపెట్టాడు. జాహేదా బల్ల అవతల నిలబడి ఉంది. ఆమె చేతుల్లో చప్పుడు లేదు.

"చూసిన. ఉన్నది. బోసి చెయ్యి కుడిది. అవ్వ ఎడమ అన్నది. అవ్వ తప్పు చెప్పలే. గాజులమ్మేవాళ్లు ఎదురుగ కూసుంటరు. వాళ్ల ఎడమ దిక్కున్నది మన కుడి చెయ్యి. పుస్తకం చూసి రాసినోళ్లు ఈ తప్పు చెయ్యరు. ఆ చెయ్యి పట్టుకొని గాజు పెట్టినోళ్లే చేస్తరు. ఇదే సబూత్."

పదకొండూ నలభైకి పోయింది. పన్నెండుంబావుకు పరిశోధక జవాబొచ్చింది. పది వాక్యాల్లో ఎనిమిది గొణుగుడు, రెండు క్షమాపణ. ఉత్తరాలన్నీ ఉంటాయి. చివర ఒక ప్రశ్న: "ఇంతకీ ఈ మలారం గారెవరో మీకు తెలుసా?"

సాబ్ ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు: "తెలవదు. సబూత్ దొరకలే."

జాహేదా గాజులు గలగలమన్నాయి. ఆమె లోపలికి పోయింది.

ఒంటిగంట కొట్టింది. సాబ్ లేచి, ఖాళీ టిఫిన్ డబ్బా చంకన పెట్టుకొని, "ఇంటికి పోయి తినొస్త" అన్నాడు.

"కూసోండ్రి చాచా" అంది జాహేదా, చాయ్ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెడుతూ. "ఆ హోటల్ చాయ్‌ల అన్ని నీళ్లే. ఏడాదిన్నర సంది తాగుతున్నరు, పానం ఖరాబైతది."

సాబ్ నా వైపు చూశాడు. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. ఆయన గ్లాసు ఎత్తి, కిటికీ వెలుతురుకు పట్టి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"శక్కర ఎయ్యలే గద?"

"ఎయ్యలే చాచా."

ఒక గుక్క తాగాడు. మళ్లీ ఒకటి. గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు.

"నమ్మకం కలుగుతలేదు" అన్నాడు. "ఇంకో గ్లాసు పొయ్యి, చూస్త."